ఓవర్‌డోస్ కేసులు: అంబులెన్స్ సిబ్బంది ఎలా నమోదు చేస్తారు, ఆ లెక్క ఎటు వెళ్తుంది - తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఒక కౌంటీ ఆరోగ్య శాఖలో అంబులెన్స్ రిపోర్టులు చదివి, ఓవర్‌డోస్ కేసులు ఏరి లెక్క కట్టే పని నాది. పిల్లల్ని కాలేజీలో దింపి వచ్చిన తల్లిదండ్రులు, ఎమర్జెన్సీ వార్డుల్లో పనిచేసే తెలుగు నర్సులు, ఊళ్ళో ఫైర్ స్టేషన్‌కు వాలంటీర్లుగా వెళ్ళే కుర్రాళ్ళు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవన్నీ. కొన్నింటికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. కొన్నింటికి అలా కుదరదు.

ఓవర్‌డోస్ అంటే మత్తు బాగా ఎక్కడమేనా?

కాదు. హెరాయిన్, ఫెంటనిల్, ఆక్సికోడోన్ లాంటి ఓపియాయిడ్లు (నల్లమందు తరహా మందులు) మోతాదు మించితే ఊపిరి తీసుకోమని చెప్పే మెదడు భాగం మందగిస్తుంది. మనిషి పిలిస్తే పలకడు, గట్టిగా కదిపినా లేవడు. కంటిపాప గుండుసూది తలంత అయిపోతుంది. పెదాలు, గోళ్ళు నీలంగానో బూడిద రంగులోనో మారతాయి. గొంతులోంచి గురక లాంటి శబ్దం వస్తుంది. "నిద్రపోతున్నాడులే" అని ఇంట్లోవాళ్ళు పొరబడేది ఆ శబ్దం వినే. అక్కడి నుంచి కొన్ని నిమిషాలే టైమ్ ఉంటుంది.

కొకెయిన్, మెథ్ లాంటివి వేరే రకం. వాటితో గుండె, రక్తపోటు దెబ్బతింటాయి. లెక్కలో రెండూ ఓవర్‌డోస్‌లే అయినా వైద్యం వేరు.

చనిపోయినవాళ్ళ లెక్క ప్రభుత్వం దగ్గర ఎలాగూ ఉంటుంది కదా. మళ్ళీ అంబులెన్స్ రిపోర్టులు ఎందుకు?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే.

అమెరికాలో 2022లో సుమారు 1,08,000 మంది, 2023లో సుమారు 1,05,000 మంది డ్రగ్ ఓవర్‌డోస్‌తో చనిపోయారు. 2024లో ఆ సంఖ్య బాగా తగ్గి 80,000 దగ్గరికి వచ్చింది. ఇవన్నీ మరణ ధృవీకరణ పత్రాల నుంచి తీసిన లెక్కలు. ఒక మరణం ఓవర్‌డోస్ అని తేలాలంటే శవపరీక్ష జరగాలి, రక్త నమూనా ల్యాబ్‌కు వెళ్ళాలి, రిపోర్టు రావాలి, మరణ కారణం తేల్చే అధికారి, అంటే కరోనరో మెడికల్ ఎగ్జామినరో, సంతకం పెట్టాలి. దీనికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన తాత్కాలిక అంకెల్ని కూడా దాదాపు నాలుగు నెలలు ఆగి విడుదల చేస్తుంది. మా కౌంటీలో మార్చిలో కల్తీ సరుకు దిగిందని జులైలో తెలిస్తే అది ఎవరి ప్రాణం కాపాడుతుంది?

ఇంకో కారణం కూడా ఉంది. ఓవర్‌డోస్ అయినవాళ్ళలో ఎక్కువమంది ఆ రోజు చనిపోరు. బతికి లేస్తారు. వాళ్ళలో చాలామంది ఆసుపత్రికి రామని అక్కడికక్కడే వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోయినవాళ్ళు మరణాల లెక్కలో ఉండరు, ఆసుపత్రి లెక్కలో కూడా ఉండరు. ఆ రాత్రి అక్కడ అలా జరిగిందని చెప్పే కాగితం ఒక్కటే ఉంటుంది, అది అంబులెన్స్ సిబ్బంది రాసినది. మసాచుసెట్స్‌లో 2011-2015 మధ్య ఓపియాయిడ్ ఓవర్‌డోస్ అయి ఎమర్జెన్సీ వార్డులో వైద్యం పొంది బతికినవాళ్ళను పరిశీలిస్తే, ఏడాది తిరిగేలోపు 100 మందిలో ఐదారుగురు చనిపోయారు. ఆ మరణాల్లో చెప్పుకోదగ్గ భాగం మొదటి నెలలోనే జరిగింది. అంటే మొదటి ఓవర్‌డోస్ ఒక హెచ్చరిక. దాన్ని రాసిపెట్టకపోతే హెచ్చరిక వచ్చిన సంగతే మనకు తెలియదు.

అంబులెన్స్ వాళ్ళు అసలు ఏం రాస్తారు?

ప్రతి కాల్ తర్వాత టాబ్లెట్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఒక పేషెంట్ కేర్ రిపోర్టు నింపుతారు. కాల్ వచ్చిన టైమ్, చేరిన టైమ్, చోటు, పేషెంట్ ఊపిరి, నాడి, ఇచ్చిన మందులు, వాటికి స్పందన, చివరికి ఎక్కడికి తీసుకెళ్ళారు అన్నవి గడుల్లో పడతాయి. అడుగున సొంత మాటల్లో రాసే కథనం ఉంటుంది. ఈ గడులు దేశమంతా ఒకేలా ఉండాలని నెమ్‌సిస్ అనే జాతీయ ప్రమాణం పెట్టారు. రిపోర్టులు రాష్ట్రానికి, అక్కడి నుంచి జాతీయ భాండాగారానికి వెళ్తాయి. 2022 డిసెంబరులో వైట్‌హౌస్ డ్రగ్ విధాన కార్యాలయం, రహదారి భద్రతా సంస్థ కలిసి ఈ సమాచారంతోనే ప్రాణాంతకం కాని ఓవర్‌డోస్‌ల డాష్‌బోర్డు ఒకటి పెట్టాయి. అంబులెన్స్ చేరడానికి సగటున ఎంతసేపు పట్టింది, ఎంతమంది ఆసుపత్రికి వెళ్ళలేదు అన్నవి కూడా అందులో ఉంటాయి. సుమారు రెండు వారాల ఆలస్యంతో నడుస్తుంది. నెలల నుంచి వారాలకు రావడం మంచి మార్పే. కానీ వీధిలో కొత్త సరుకు దిగిన రోజుకు రెండు వారాలు కూడా ఎక్కువే.

మరి లోపం ఎక్కడ జరుగుతోంది?

చాలాచోట్ల. నేను రోజూ చూసేవి చెప్తాను.

అమెరికాలో అత్యవసర నంబరు 911. దాని ఆపరేటర్‌కు కాల్ "స్పృహ లేదు" అనో "గుండె ఆగింది" అనో వస్తుంది, ఆ కోడ్ చివరిదాకా అలాగే ఉండిపోతుంది. ఓవర్‌డోస్ అన్న మాట కథనంలో మూడో వాక్యంలో ఉంటుంది, గడిలో ఉండదు. కంప్యూటర్‌లో గడులు వెతికితే ఆ కేసు దొరకదు. కథనాల్లో పదాలు వెతికితే ఇంకో తిప్పలు: ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టి ఊపిరి తిరిగి తెచ్చే మందును ఒకరు నార్కాన్ అని రాస్తారు, ఒకరు నాలోక్సోన్ అంటారు, ఇంకొకరు రెండక్షరాల పొట్టిపేరు పెడతారు, స్పెల్లింగ్ తప్పులు వీటికి అదనం.

నాలోక్సోన్ ఇచ్చిన ప్రతి కేసూ ఓవర్‌డోస్ అనుకుంటే అదీ తప్పే. షుగర్ పడిపోయిన ముసలాయన స్పృహ తప్పి ఉంటే, కారణం తెలియక ముందుజాగ్రత్తగా ఒక డోసు ఇచ్చి ఉండొచ్చు. అందుకే "ఇచ్చారా" అన్న గడి ఒక్కటే చాలదు, "ఇచ్చాక ఊపిరి మెరుగైందా" అన్న గడి కూడా నిండాలి. ఖాళీగా కనిపించేది చాలాసార్లు ఆ గడే.

పక్కింటివాళ్ళో, స్నేహితుడో, పోలీసో ముందే మందు ఇచ్చేసి ఉంటే, అంబులెన్స్ చేరేసరికి మనిషి కూర్చుని ఉంటాడు. రిపోర్టులో "మందులు ఏమీ ఇవ్వలేదు, పేషెంట్ రానన్నాడు" అని ఉంటుంది. ఒక ప్రాణం పోబోయి ఆగిందని ఆ కాగితం చూసి ఎవరూ అనుకోరు.

వీటన్నిటి వెనకా ఉన్నది అలసట. 12 గంటలో 24 గంటలో షిఫ్టు చేసి, వరుసగా కాల్స్ వెళ్ళి, తెల్లవారుజామున కూర్చుని గడులు నింపేవాళ్ళను నేను తప్పుపట్టలేను. గడులు అన్ని పెట్టిన మేమే దానికి బాధ్యులం. కొన్నేళ్ళ క్రితం ఒక వారాంతంలో మా పరిధిలో ఒకే పేటలో ఆరు కేసులు అయ్యాయి. రిపోర్టులు సోమవారం మధ్యాహ్నానికి నాకు చేరాయి. ఆరోదాన్ని చదివాక మొదటిదాని తేదీ మళ్ళీ చూశాను, శుక్రవారం రాత్రి. ఆ కాగితాలు నేనింకా మర్చిపోలేదు.

ఓడీమ్యాప్ అంటే ఏమిటి?

ఈ ఆలస్యం తగ్గించడానికి వాషింగ్టన్-బాల్టిమోర్ ప్రాంతంలోని హైడ్‌టా అనే మాదకద్రవ్య నిరోధక విభాగం 2017 జనవరిలో మొదలుపెట్టిన, ఓవర్‌డోస్‌లను మ్యాప్ మీద చూపే ఉచిత వ్యవస్థ. ప్రజారోగ్యం, ప్రజాభద్రత కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థలు ఇందులో చేరతాయి. సంఘటన జరిగిన చోట నుంచే ఫోన్‌లో నమోదు చేయొచ్చు. అడిగేవి చాలా తక్కువ: ఎక్కడ, ఎప్పుడు, బతికారా చనిపోయారా, నాలోక్సోన్ ఇచ్చారా, ఎన్ని డోసులు. పేరు, పుట్టినతేదీ అడగదు. విడిగా నమోదు చేసే ఓపిక లేని సంస్థలు తమ రిపోర్టు సాఫ్ట్‌వేర్‌ను దీనికి నేరుగా కలిపేసుకోవచ్చు. అప్పుడు సిబ్బంది మీద అదనపు పని ఏమీ పడదు. నన్నడిగితే ఇదే సరైన దారి. మనుషులు ఒకే విషయాన్ని రెండుసార్లు రాయాల్సివస్తే రెండోసారి రాయరు.

సమాచారం ఇచ్చేవాళ్ళు ఒక స్థాయి, మ్యాప్ చూసేవాళ్ళు ఇంకో స్థాయి. మామూలు జనానికి ఆ మ్యాప్ కనిపించదు. ఒక ప్రాంతంలో 24 గంటల్లో కేసులు ముందే పెట్టుకున్న హద్దు దాటితే సంబంధితులకు మెయిల్ వస్తుంది. పక్క కౌంటీలో పెరిగినా మనకు కబురు వచ్చేలా పెట్టుకోవచ్చు. సరుకుకు కౌంటీ సరిహద్దు ఉండదు కాబట్టి ఇది చాలా పనికొచ్చే సంగతి.

అలర్ట్ మెయిల్ వచ్చాక ఏం చేయాలి?

ముందే రాసిపెట్టుకున్న ప్రణాళిక ఉంటే చాలా చేయొచ్చు. లేకపోతే మెయిల్ చదివి టెన్షన్ పడటం తప్ప ఏమీ ఉండదు. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఆసుపత్రులకు కబురు ఎవరిస్తారు, నాలోక్సోన్ ఏ పేటకు పంపాలి, డ్రగ్స్ వాడేవాళ్ళతో పరిచయమున్న సంస్థల ద్వారా "ఈ రెండు రోజులు ఒంటరిగా వాడకండి, నాలోక్సోన్ దగ్గర పెట్టుకోండి" అన్న మాట ఎలా చేరవేయాలి అన్నవి ముందే తేల్చుకోవాలి.

వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ ఊరు దీనికి పెద్ద ఉదాహరణ. 2016 ఆగస్టు 15న అక్కడ కొన్ని గంటల్లోనే ఓవర్‌డోస్ కాల్స్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తర్వాత సీడీసీ పరిశీలిస్తే 53 గంటల్లో 20 ఓపియాయిడ్ కేసులు తేలాయి, కార్ఫెంటనిల్ అనే అతి బలమైన మందు ఆనవాళ్ళు దొరికాయి. ఆ ఊరు 2017 చివర్లో క్విక్ రెస్పాన్స్ టీమ్ పెట్టుకుంది. పారామెడిక్, కౌన్సిలర్, పోలీసు, చర్చి తరఫు మనిషి కలిసి, ఓవర్‌డోస్ నుంచి బయటపడినవారి ఇంటికి 72 గంటల్లోపు వెళ్ళి తలుపు తడతారు. "మీకేం కావాలి?" అని అడుగుతారు. అంబులెన్స్ రిపోర్టు వెంటనే చేరకపోతే ఏ తలుపు తట్టాలో ఈ టీమ్‌కు తెలియదు.

చట్టం పెట్టి తప్పనిసరి చేయొచ్చు కదా?

కొన్ని రాష్ట్రాలు చేశాయి. రోడ్ ఐలండ్ 2014 నుంచి ఆసుపత్రులు ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌లను 48 గంటల్లో తెలియజేయాలని నిబంధన పెట్టింది. అరిజోనాలో 2017 జూన్ 5న గవర్నర్ డగ్ డ్యూసీ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాక, ఆసుపత్రులు, అంబులెన్స్, పోలీసులు అనుమానిత ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌లను 24 గంటల్లో నమోదు చేయాలన్నారు. చట్టం ఉంటే సంస్థలు పక్కకు తప్పుకోలేవు, ఆ మేరకు మంచిదే. కానీ నమోదుకు మనిషినీ, సాఫ్ట్‌వేర్‌నూ, డబ్బునూ ఇవ్వకుండా గడువు మాత్రం పెడితే, గడువులోపు వచ్చే రిపోర్టులు సగం ఖాళీగా వస్తాయి.

మ్యాప్ మీద చుక్కలు పెరిగితే ఓవర్‌డోస్‌లు పెరిగినట్టేనా?

అవ్వొచ్చు, కాకపోవచ్చు. నిరుటి దాకా రిపోర్టు చేయని పక్కఊరి ఫైర్ విభాగం ఈ నెల చేరితే మ్యాప్ ఎర్రబడుతుంది. అది చెడు వార్త కాదు, ఇన్నాళ్ళూ కనిపించనిది కనిపిస్తోందంతే. ఒకే సంఘటనకు అంబులెన్స్, ఫైర్, పోలీసు ముగ్గురూ వెళ్తే మూడు చుక్కలు పడే ప్రమాదమూ ఉంది. టైమ్, చోటు పోల్చి కలిపేయాలి. ఇంకోవైపు, జనం దగ్గర నాలోక్సోన్ పెరిగి 911కి ఫోన్ చేయడం మానేస్తే చుక్కలు తగ్గుతాయి, ఓవర్‌డోస్‌లు తగ్గకపోయినా సరే. పత్రికలవాళ్ళు ఫోన్ చేసి "పెరిగాయా తగ్గాయా, ఒక్క మాటలో చెప్పండి" అంటే నేను చెప్పలేను. ఎన్ని సంస్థలు రిపోర్టు చేస్తున్నాయో ఆ అంకె పక్కనే పెట్టి చూడాలి.

ఏ డ్రగ్ అన్నది అంబులెన్స్ వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

తెలియదు. అనుమానం మాత్రమే రాస్తారు. అలాగే రాయాలి కూడా. కొన్నవాడికే తాను ఏం కొన్నాడో తెలియని కాలం ఇది. పర్కోసెట్ అనే నొప్పి మాత్ర అనుకుని మింగినదానిలో ఫెంటనిల్ ఉంటుంది. ఫెంటనిల్‌లో జైలజీన్ అనే పశువుల మత్తుమందు కలుస్తోంది. 2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఈ కలయికను కొత్తగా తలెత్తుతున్న ముప్పుగా ప్రకటించింది. జైలజీన్ మీద నాలోక్సోన్ పనిచేయదు, అయినా ఫెంటనిల్ కోసం అది ఇవ్వాల్సిందే. ఊపిరి తిరిగి వచ్చినా మనిషి మగతగానే ఉండిపోయాడని పారామెడిక్ కథనంలో రాస్తే, ల్యాబ్ కంటే ముందే మాకు ఒక ఆచూకీ దొరుకుతుంది. అలాంటి వాక్యం ఒక్కటి రాయమని నేను అందర్నీ బతిమాలుతుంటాను.

రోగుల వివరాల గోప్యతను కాపాడే హిపా చట్టం ఉండగా ఈ వివరాలు పంచుకోవచ్చా?

పంచుకోవచ్చు. రోగాల నివారణ, పర్యవేక్షణ కోసం ప్రజారోగ్య సంస్థలకు సమాచారం ఇవ్వడాన్ని హిపా అనుమతిస్తుంది. "హిపా వల్ల ఇవ్వలేం" అన్న జవాబు నేను ఎన్నోసార్లు విన్నాను. చాలాసార్లు అది చట్టం మాట కాదు, భయం.

ఈ మ్యాప్ చూసి పోలీసులు అరెస్టులు చేస్తారా?

ఈ భయం నిజమైనది, నేను దాన్ని కొట్టిపారేయను. ఓడీమ్యాప్‌ను నడిపేది డ్రగ్ నిరోధక విభాగమే. పేర్లు లేకపోయినా చోటు ఉంటుంది. 300 మంది ఉండే పల్లెలో ఒక చుక్క అంటే ఒక ఇల్లే. ఆ ఇంటిమీద నిఘా పెడుతున్నారని జనం నమ్మితే, తర్వాతిసారి 911కి ఫోన్ చేయరు, మనిషి చనిపోతాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఖచ్చితమైన అడ్రసు ఆరోగ్య శాఖ వరకే ఉండాలి, మిగతావాళ్ళకు పేట స్థాయిలో కనిపిస్తే చాలు. ఈ సమాచారాన్ని వ్యక్తుల మీద కేసులకు వాడబోమని సంస్థల మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. బయటకు పెట్టే పట్టికల్లో చిన్న అంకెలు దాచాలి. సీడీసీ తన మరణాల పట్టికల్లో ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉన్న అంకెల్ని చూపించదు, ఇందుకే.

స్నేహితుడు పడిపోయాడు. నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. 911కి ఫోన్ చేస్తే నాకేమైనా అవుతుందా?

తమ్ముడూ, చెల్లీ, ముందు ఫోన్ చేయండి. దాదాపు అన్ని రాష్ట్రాల్లో గుడ్ సమారిటన్ చట్టాలున్నాయి. సాయం కోసం ఫోన్ చేసినవారికి, పడిపోయినవారికి తక్కువ మోతాదు డ్రగ్ దగ్గర ఉన్న నేరం నుంచి అవి కొంత రక్షణ ఇస్తాయి. ఎంత రక్షణ అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇమిగ్రేషన్ మాత్రం ఫెడరల్ చట్టం, ఆ రక్షణ అక్కడిదాకా వస్తుందని నేను హామీ ఇవ్వలేను. తర్వాత లాయర్‌తో మాట్లాడాలి. కానీ లాయర్‌తో మాట్లాడటానికి టైమ్ ఉంటుంది, ఊపిరి ఆగినవాడికి ఉండదు.

ఫోన్‌లో ముందు అడ్రసు చెప్పండి, తర్వాత "లేవట్లేదు, ఊపిరి ఆడట్లేదు" అనండి. అంబులెన్స్ వచ్చాక వాళ్ళతో మాత్రం ఏం తీసుకున్నాడో, మీరు నార్కాన్ ఎన్ని డోసులు ఎప్పుడు ఇచ్చారో దాచకుండా చెప్పండి. ఆ రెండు వాక్యాలు వైద్యానికీ పనికొస్తాయి, రిపోర్టులోకీ ఎక్కుతాయి.

నార్కాన్ మేమే కొట్టి లేపేశాం. ఇంకా అంబులెన్స్ ఎందుకు?

నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలు ఉంటుంది. లోపలి డ్రగ్ అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. లేచి మాట్లాడినవాడు గంట తర్వాత మళ్ళీ ఊపిరి ఆగి పడిపోవచ్చు. పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, దగ్గరే ఉండండి. నార్కాన్ ముక్కులో కొట్టే స్ప్రేను 2023 మార్చి నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి అమెరికాలో అనుమతి ఉంది. పిల్లవాడి హాస్టల్ గదిలో ఒకటి ఉంచడం అంటే వాణ్ణి అనుమానించడం కాదు. పక్క గది కుర్రాడికి పనికిరావచ్చు.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటిది ఉందా?

108 అంబులెన్స్ మొదలైంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా. ఒకే నంబరు, ఒకే కాల్ సెంటర్ నుంచి రాష్ట్రమంతా నడిచే వ్యవస్థ కాబట్టి, లెక్క పట్టడానికి మనకున్న వీలు అమెరికాలో వేలాది వేర్వేరు అంబులెన్స్ సంస్థలకు లేదు.

మన సమస్య స్వరూపం మాత్రం వేరు. 108 మోసే విషప్రయోగం కేసుల్లో పురుగుమందు పెద్ద సంగతి, ఫెంటనిల్ కాదు. కానీ ఓపియాయిడ్లు మనకు లేవనుకోవడం పొరపాటు. కేంద్రం కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, దేశంలో 10-75 ఏళ్ళవారిలో సుమారు 2.1 శాతం ఓపియాయిడ్లు వాడుతున్నారు. ఓవర్‌డోస్ కేసు ఆసుపత్రికి వస్తే మెడికో లీగల్ కేసు అవుతుందని, పోలీసులు వస్తారని ఇంటివాళ్ళు భయపడి "ఫిట్స్ వచ్చింది" అని చెప్తారు. రికార్డులోనూ అదే పడుతుంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవారిని కాపాడుతుంది. ఓవర్‌డోస్‌లో ఫోన్ చేసినవారికి అలాంటిది లేదు. చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకొచ్చే బాధితుడికి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఏ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. మానేయాలనుకునేవారికీ, ఇంటివాళ్ళకూ జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది.

నేను ఫైర్ స్టేషన్‌లో వాలంటీర్‌ని. నా రిపోర్టులో ఏం మార్చుకోవాలి?

ఓవర్‌డోస్ అనుమానం ఉంటే గడిలోనే పెట్టండి, కథనానికి వదలొద్దు. మీరు చేరేముందు ఎవరో మందు ఇచ్చి ఉంటే ఎవరిచ్చారో, ఎన్నిసార్లు ఇచ్చారో అడిగి రాయండి. మందుకు స్పందన రాయండి. రానని వెళ్ళిపోయినవాళ్ళకూ రిపోర్టు పూర్తిగా నింపండి, వాళ్ళకే ముఖ్యంగా. వీలైతే షిఫ్టు అయ్యేదాకా ఆగొద్దు. "డ్రగ్గీ", "రోజూ వచ్చేవాడే" లాంటి మాటలు రాయొద్దు. తర్వాత ఆ కాగితం చదివే డాక్టర్ ఆ మాట చూసే ఆ మనిషిని అంచనా వేస్తాడు.

అంత కష్టపడి రాస్తే తిరిగి మాకేమైనా తెలుస్తుందా?

చాలాచోట్ల తెలియదు, సిబ్బంది రాయడం మానేయడానికి అది పెద్ద కారణం. గోతిలో వేసినట్టు ఉంటుంది. మేము ఇప్పుడు నెలకోసారి ప్రతి స్టేషన్‌కూ ఒక పేజీ పంపుతున్నాం. మీ రిపోర్టుల వల్ల ఏ పేటకు నాలోక్సోన్ పెట్టెలు వెళ్ళాయి, ఎన్ని ఇళ్ళకు మనుషులు వెళ్ళి తలుపు తట్టారు, ఎంతమంది చికిత్సకు ఒప్పుకున్నారు అన్నవి అందులో ఉంటాయి. ఒక స్టేషన్‌లో ఆ పేజీని కాఫీ మెషీన్ పైన గోడకు అంటించారు. ఆ స్టేషన్ నుంచి వచ్చే రిపోర్టుల్లో "స్పందన" గడి ఇప్పుడు ఖాళీగా ఉండటం లేదు.